పీక్, పోక్: స్పెక్ట్రమ్ బేసిక్‌లో మెమరీలోకి నేరుగా చెయ్యి పెట్టడం

పీక్ అంటే పీకడం కాదు, తొంగి చూడడం. పోక్ అంటే వేలితో పొడవడం. బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఈ రెండు మాటలూ తెలిస్తే చాలు, కంప్యూటర్ మెమరీలో ఏ బైటునైనా (0 నుంచి 255 వరకు అంకె పట్టే గదినైనా) చదవొచ్చు, ర్యామ్‌లో, అంటే మార్చగలిగే మెమరీలో, దేన్నైనా మార్చొచ్చు. పీక్ తర్వాత అడ్రసు రాస్తే అక్కడి విలువ వస్తుంది. పోక్ తర్వాత అడ్రసు, కామా, విలువ రాస్తే ఆ విలువ అక్కడ పడుతుంది. అడ్డు చెప్పే ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, పాస్‌వర్డు లేదు, "నిజంగా మార్చమంటారా" అని అడిగే డబ్బా లేదు.   

ఈ పాఠానికి 48కె జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను తీసుకుంటున్నాం. 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ కంపెనీ ఇంగ్లండులో విడుదల చేసిన యంత్రమిది. లోపల 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80ఎ ప్రాసెసర్, 16 కిలోబైట్ల రోమ్ (చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని మెమరీ), 48 కిలోబైట్ల ర్యామ్. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో లైసెన్సు మీద దీన్నే డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది. అసలు యంత్రం దొరక్కపోతే ఫ్యూజ్ లాంటి ఉచిత ఎమ్యులేటర్‌లో (ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో) 48కె మోడల్ ఎంచుకోండి. అడ్రసులన్నీ అవే.

టైపు చేసే ముందు ఒక మాట. కింది ప్రోగ్రాములను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాశాం, యంత్రంలో మాత్రం ఇంగ్లిషు అక్షరాలే కొట్టాలి. పైగా స్పెక్ట్రమ్‌లో పోక్ అని నాలుగు అక్షరాలు టైపు చేయరు. కర్సర్ కె అని మెరుస్తున్నప్పుడు ఓ కీ నొక్కితే మాట మొత్తం పడుతుంది. పీక్ కావాలంటే క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ రెండూ కలిపి నొక్కి, కర్సర్ ఇ అయ్యాక అదే ఓ కీ నొక్కాలి. యుఎస్‌ఆర్ అదే పద్ధతిలో ఎల్ కీ మీద, రీడ్ ఎ కీ మీద, డేటా డి కీ మీద ఉంటాయి. ర్యాండమైజ్ కోసం మామూలుగా టి కీ, క్లియర్ కోసం ఎక్స్. అక్షరం అక్షరంగా కొడితే "వేరియబుల్ నాట్ ఫౌండ్" అంటుంది, లేదా ప్రశ్నార్థకం మెరిపిస్తూ లైను తీసుకోదు. కొత్తవాళ్ళ మొదటి అరగంట ఇక్కడే పోతుంది.

మెమరీ పటం

అడ్రసులు 0 నుంచి 65535 దాకా. 0 నుంచి 16383 వరకు రోమ్, బేసిక్ అందులోనే ఉంది. పీక్ చేయొచ్చు, పోక్ చేస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. 16384 నుంచి 22527 వరకు తెర మీది చుక్కలు, 6144 బైట్లు. 22528 నుంచి 23295 వరకు రంగులు, 768 బైట్లు. 23296 నుంచి 256 బైట్లు ప్రింటర్ బఫర్. 23552 నుంచి 23733 వరకు సిస్టమ్ వేరియబుల్స్, అంటే బేసిక్ తన సొంత లెక్కలు రాసుకునే చిట్టా. మీ ప్రోగ్రాము సాధారణంగా 23755లో మొదలవుతుంది. అన్నిటికంటే పైన 65368 నుంచి చివరిదాకా మీరు సొంతంగా గీసుకునే 21 బొమ్మల చోటు.

ఏ అడ్రసులో పోక్ చేయబోయినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ బైటును ఇంకెవరు చదువుతున్నారు? తెర బైట్లను యుఎల్‌ఎ అనే చిప్ సెకనుకు 50 సార్లు చదువుతుంది. సిస్టమ్ వేరియబుల్స్‌ను రోమ్ చదువుతుంది. ప్రోగ్రాము బైట్లను బేసిక్ చదువుతుంది. ఎవరూ చదవని చోట ఏ అంకె రాసినా ఏమీ కాదు. అవతల ఒకరు చదువుతున్న చోట తప్పు అంకె రాస్తే యంత్రం అక్కడికక్కడే హ్యాంగ్ అవుతుంది, లేదా తెర తుడిచేసి కొత్తగా స్విచ్ వేసినట్టు సింక్లెయిర్ పేరు చూపిస్తుంది. ఈ పాఠంలోని పోక్‌లతో వస్తువు పాడవదు, సేవ్ చేయని ప్రోగ్రాము మాత్రం పోతుంది. 1982 నాటి రబ్బరు కీల మోడల్‌కు రీసెట్ బటన్ లేదు, ప్లగ్గు పీకి పెట్టాల్సిందే. 1984 నాటి ప్లస్ మోడల్‌కు పక్కన బటన్ ఇచ్చారు. ఎమ్యులేటర్‌లో అయితే ప్రయోగానికి ముందు స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి.

రంగులతో మొదలు

రంగుల విభాగమే అన్నిటికంటే సులువు. తెరకు 24 వరుసలు, వరుసకు 32 గళ్ళు, గడికి ఒక బైటు. అడ్రసు లెక్క: 22528 + 32 × వరుస + గడి. రెండూ సున్నా నుంచే మొదలు. పదో వరుసలో పదిహేనో గడి కావాలంటే 22528 + 320 + 15 = 22863.

ఇంక్ అంటే అక్షరం రంగు, పేపర్ అంటే దాని వెనక రంగు. బైటులో వేయాల్సిన అంకె: ఇంక్ + 8 × పేపర్, బ్రైట్ కావాలంటే ఇంకో 64, మెరవాలంటే ఇంకో 128. రంగుల అంకెలు 0 నలుపు, 1 నీలం, 2 ఎరుపు, 3 మెజెంటా, 4 ఆకుపచ్చ, 5 సయాన్, 6 పసుపు, 7 తెలుపు. నీలం పేపరు మీద పసుపు ఇంకు, బ్రైటుగా మెరుస్తూ కావాలంటే 6 + 8 + 64 + 128 = 206.

పోక్ 22863,206

తెర మధ్యలో ఒక గడి నీలంగా, పసుపుగా మారుతూ కొట్టుకుంటుంది. అక్కడ అక్షరం లేదు కదా, మరి మెరిసేదేంటి? గడిలో చుక్కలన్నీ సున్నాలే కాబట్టి కనిపించేది పేపరు రంగు. మెరుపు అంటే ఇంకూ పేపరూ చోట్లు మార్చుకోవడమే. స్విచ్ వేసినప్పుడు అన్ని గళ్ళలోనూ ఉండే విలువ 56, అంటే తెల్ల పేపరు, నల్ల ఇంకు. 56 పోక్ చేస్తే గడి మామూలు రంగుకు వచ్చేస్తుంది.

బేసిక్‌లో చిన్న ఆట రాసేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. బొమ్మ ముందుకు కదిలే ముందు ఆ గడి రంగు బైటును పీక్ చేయండి. గోడలకు ఒక రంగు, నిధికి ఒక రంగు పెట్టుకుంటే ఏది తగిలిందో అంకె చూడగానే తెలిసిపోతుంది. స్క్రీన్ డాలర్ ఫంక్షన్‌తో చూద్దామంటే, సొంతంగా గీసుకున్న బొమ్మలను అది గుర్తుపట్టదు.

చుక్కల దగ్గర చిక్కు

ఇప్పుడు ఈ ప్రోగ్రాము వేసి రన్ చేయండి.

10 ఫర్ ఎన్=16384 టు 22527
20 పోక్ ఎన్,255
30 నెక్స్ట్ ఎన్

పై నుంచి కిందికి వరసగా నిండుతుందనుకుంటాం. అలా నిండదు. మొదటి గీత పడ్డాక రెండోది దాని కింద కాకుండా ఎనిమిది గీతలు దాటి పడుతుంది. తెరలో పై మూడో వంతు మొత్తం అలా చారలు చారలుగా నిండాకే మధ్య భాగం మొదలవుతుంది. క్యాసెట్ నుంచి ఆట లోడవుతున్నప్పుడు బొమ్మ కిటికీ పరదా పలకల్లా ఎందుకు వచ్చేదో తెలిసిందా, కారణం ఇదే.

పై నుంచి వై అనే గీత 0 నుంచి 191 వరకు ఉంటుంది. ఆ గీత మొదలయ్యే అడ్రసుకు లెక్క ఇది. 16384తో మొదలుపెట్టండి. వైని 64తో భాగించి వచ్చిన పూర్ణాంకాన్ని 2048తో హెచ్చించి కలపండి. 64తో భాగిస్తే మిగిలిన శేషాన్ని 8తో భాగించి, ఆ పూర్ణాంకాన్ని 32తో హెచ్చించి కలపండి. చివరికి మిగిలిన శేషాన్ని 256తో హెచ్చించి కలపండి. సరిచూసుకోవడానికి: గీత 1 అడ్రసు 16640, గీత 8 అడ్రసు 16416, గీత 64 అడ్రసు 18432. ఈ మూడూ సరిపోతే మీ ఫార్ములా సరైనదే.

ఇంత తిరకాసుగా ఎందుకు పెట్టారంటే, దీనివల్ల ఒక గడిలోని ఎనిమిది గీతల మధ్య తేడా సరిగ్గా 256 అవుతుంది. జెడ్80కి 256 కలపడమంటే అడ్రసులో పై బైటును ఒకటి పెంచడమే, ఒక్క సూచనతో అయిపోతుంది. అక్షరాలు అచ్చు వేయడం తేలికైంది, బొమ్మలు గీసేవాళ్ళ పని కష్టమైంది. మా దృష్టిలో అది సరైన బేరమే.

రెండు బైట్ల అంకెలు

ఒక బైటులో 255 దాటి పట్టదు కాబట్టి పెద్ద అంకెలను రెండు బైట్లలో దాస్తారు, చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనక. చదవడానికి: పీక్ ఎ + 256 × పీక్ (ఎ+1). రాయడానికి అంకెను 256తో భాగించి పూర్ణాంకాన్ని రెండో బైటులో, శేషాన్ని మొదటి బైటులో వేయాలి. 60000 అయితే 96, 234. బ్రాకెట్లు మరిచిపోతే పీక్ ఎ+1 అన్నది "ఎ లో ఉన్న విలువకు ఒకటి కలుపు" అనే అర్థానికి మారుతుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు. దీన్ని పట్టుకోవడం మహా విసుగు.

ఒకే ఒక్క చోట ఈ వరస తిరగబడుతుంది: ప్రోగ్రాము లైన్ నంబరు. అక్కడ పెద్ద బైటు ముందు ఉంటుంది. మీ ప్రోగ్రాము మొదటి లైనును 1 రెమ్ (వ్యాఖ్య రాసుకునే లైను) అని పెట్టి, లోపల మీ పేరు రాసి, ఈ రెండూ కొట్టండి.

లెట్ పి=పీక్ 23635+256*పీక్ 23636
పోక్ పి+1,0

లిస్ట్ చేస్తే ఆ లైను నంబరు 0 అయి ఉంటుంది. దాన్ని ఎడిట్ చేయలేరు, 0 కొట్టి ఎంటర్ నొక్కినా పోదు. సొంత ప్రోగ్రాము మీద పేరు చెరగకుండా వేసుకోవడానికి అప్పటి పిల్లలు వాడిన ఉపాయం ఇది. తీసేయాలంటే అదే అడ్రసులో 1 పోక్ చేయండి. 23755 అని నేరుగా రాయకుండా పీక్ చేసి తెలుసుకోవడం ఎందుకంటే, మైక్రోడ్రైవ్ (చిన్న టేపు మీద ప్రోగ్రాములు దాచే సాధనం) పెట్టెను తగిలించినప్పుడు ప్రోగ్రాము మొదలయ్యే చోటు పైకి జరుగుతుంది.

అక్షరాలను జరపడం

23606, 23607 బైట్లలో అక్షరాల రూపాలు ఎక్కడున్నాయో రాసి ఉంటుంది. మామూలు విలువలు 0, 60. ఇది కొట్టి చూడండి.

పోక్ 23606,8

ఇక ఎ అని కొడితే బి కనబడుతుంది, బి కొడితే సి, ఖాళీ కొడితే ఆశ్చర్యార్థకం. ప్రతి అక్షరం రూపానికీ ఎనిమిది బైట్లు. మనం సూచికను ఎనిమిది జరిపాం, అందుకే అన్నీ ఒక ఇల్లు ముందుకు జరిగాయి. ప్రోగ్రాముకేమీ కాలేదు, లిస్టింగు మాత్రం అర్థం కాని భాషలా కనిపిస్తుంది. తెర మీద గజిబిజి చూసి కంగారు పడకుండా పోక్ 23606,0 కొడితే మామూలైపోతుంది. కీలు మారలేదు కాబట్టి, కనిపించేది చూడకుండా వేళ్ళు అలవాటుగా కొట్టేయాలి.

దీన్నే కాస్త పొడిగిస్తే మొత్తం అక్షరాలను సొంతంగా గీసుకోవచ్చు. 96 అక్షరాలకు 768 బైట్లు కావాలి. ముందు క్లియర్ 63999 అనండి, బేసిక్ 64000 పైకి రాదు. తర్వాత 15616 నుంచి 768 బైట్లను పీక్ చేసి 64000 నుంచి పోక్ చేయండి. సూచికలో వేయాల్సింది 64000 కాదు, 256 తక్కువ, అంటే 63744, ఎందుకంటే మొదటి అక్షరం కోడు 32. 32 ఎనిమిదులు 256. కాబట్టి 23606లో 0, 23607లో 249. మొదట బైట్లు కాపీ చేసి, చివర్లో సూచిక మార్చండి. వరస తప్పితే తెర మీద ఏ అక్షరమూ కనపడక, ఏం కొడుతున్నారో మీకే తెలియదు.

ఒక్క బొమ్మ చాలంటే ఇంత అక్కర్లేదు. 21 సొంత బొమ్మలకు చోటు ముందే ఉంది. ఎనిమిది ఎనిమిది గళ్ళ కాగితం మీద "ర" గీసి, నిండిన గడిని 1గా, ఖాళీని 0గా రాసుకుంటే వరుసలు ఇలా వస్తాయి: 00000010, 01000100, 00111000, 01000100, 10000010, 10000010, 01000100, 00111000. పై మూడు వరుసల్లో తలకట్టు, కింద గుండ్రం. కింది ప్రోగ్రాములో యుఎస్‌ఆర్ "ఎ" అంటే మొదటి సొంత బొమ్మ అడ్రసు, 144 దాని కోడు. పదిలెక్కలో:

10 ఫర్ ఎన్=0 టు 7
20 రీడ్ బి
30 పోక్ యుఎస్‌ఆర్ "ఎ"+ఎన్,బి
40 నెక్స్ట్ ఎన్
50 డేటా 2,68,56,68,130,130,68,56
60 ప్రింట్ సిహెచ్‌ఆర్ డాలర్ 144

తెలుగు మొత్తం ఇలా రాసేద్దామని మొదలుపెడితే గుణింతాల దగ్గర, వత్తుల దగ్గర ఎనిమిది గీతలు చాలవు. ఒక అక్షరానికి రెండు మూడు గళ్ళు పై కింద పేర్చాల్సి వస్తుంది, 21 బొమ్మలు ఇట్టే అయిపోతాయి. మీ పేరు రాసుకోవడానికైతే సరిపోవచ్చు. ఇంకో సౌకర్యం: ఈ చోటు ర్యామ్‌టాప్ (బేసిక్ వాడుకునే ర్యామ్ పై హద్దు) పైన ఉంది కాబట్టి, ప్రోగ్రామును తుడిచేసే న్యూ కొట్టినా "ర" పోదు.

చిట్టాలోని మరికొన్ని

23609లో 100 వేస్తే కీ నొక్కినప్పుడల్లా టిక్ బదులు బీప్ వినబడుతుంది. 23692లో 255 వేస్తే "స్క్రోల్?" అని అడగడం చాలాసేపు ఆగుతుంది. అది లెక్కపెట్టే బైటు కాబట్టి ప్రోగ్రాములో మధ్యమధ్య మళ్ళీ వేస్తుండాలి. 23658లో 8 వేస్తే క్యాప్స్ లాక్ పడుతుంది.

23672, 23673, 23674 మూడూ కలిసి ఒక గడియారం. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకటి పెరుగుతుంది. మూడిటిని 1, 256, 65536తో హెచ్చించి కలిపి 50తో భాగిస్తే సెకన్లు. మీరు ఒక బైటు చదివి ఇంకోటి చదివే లోపల మొదటిది 255 నుంచి 0కి తిరిగిందంటే లెక్క తప్పుతుంది. రెండుసార్లు చదివి పెద్దది తీసుకోండి. బీప్ మోగుతున్నంతసేపు, క్యాసెట్ నడుస్తున్నంతసేపు ఈ గడియారం ఆగిపోతుంది.

23659లో 0 వేయడం పేరున్న పోక్. తెర అడుగున సందేశాలకు కేటాయించిన అక్షరాల వరుసల సంఖ్య అది, మామూలుగా 2. సున్నా చేస్తే బ్రేక్ నొక్కినా, ఎర్రర్ వచ్చినా, సందేశం రాయడానికి చోటు లేక యంత్రం కుప్పకూలుతుంది. ప్రోగ్రాము ఎవరూ చూడకుండా దాచడానికి వాడేవారు. రాసినవాడి ప్రోగ్రాములోనే తప్పుంటే అదీ కనపడదు, కాబట్టి సేవ్ చేశాకే వేయండి.

పోక్‌తో మెషిన్ కోడ్

పైన చారలు నింపిన బేసిక్ ప్రోగ్రాముకు పదుల సెకన్లు పడుతుంది. అదే పనికి 14 బైట్ల మెషిన్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా అర్థం చేసుకునే అంకెలు) చాలు. లైను 70 ఆ కోడును నడిపిస్తుంది.

10 క్లియర్ 59999
20 లెట్ ఎస్=0
30 ఫర్ ఎన్=60000 టు 60013
40 రీడ్ ఎ: పోక్ ఎన్,ఎ: లెట్ ఎస్=ఎస్+ఎ
50 నెక్స్ట్ ఎన్
60 ఇఫ్ ఎస్<>1381 దెన్ ప్రింట్ "తప్పు": స్టాప్
70 ర్యాండమైజ్ యుఎస్‌ఆర్ 60000
80 డేటా 33,0,64,17,1,64,1,255,23,54,255,237,176,201

33,0,64 అంటే మూలం 16384. 17,1,64 అంటే గమ్యం 16385. 1,255,23 అంటే 6143 సార్లు. 54,255 మొదటి బైటులో 255 వేస్తుంది. 237,176 కాపీ చేస్తూ పోతుంది, 201 బేసిక్‌కు తిరిగి వస్తుంది. బైటుకు 21 క్లాకులు (ప్రాసెసర్ గడియారం టిక్కులు), సెకనుకు 35 లక్షల క్లాకులు. అంటే మొత్తానికి సెకనులో వందో వంతులు నాలుగు కూడా పట్టకూడదు. తెర మెమరీని యుఎల్‌ఎ కూడా చదువుతుంటుంది కనుక ప్రాసెసర్ మధ్యమధ్య ఆగి, కాస్త ఎక్కువవుతుంది. అయినా రెప్పపాటే. ఆ ఆగడం 16384 నుంచి 32767 దాకా ఉన్న ర్యామ్ అంతటికీ వర్తిస్తుంది. వేగం కావాల్సిన కోడును 32768 పైన పెట్టమనేది అందుకే.

లైను 60ని వదిలేయొద్దు. ఇక్కడ ఒక్క అంకె తప్పినా ఏమవుతుందో చూడండి. 17,1,64 బదులు 17,0,64 పడితే ప్రతి బైటూ తనలోకే కాపీ అవుతుంది, తెర మూలన ఒక చిన్న గీత తప్ప ఏమీ రాదు. 33,0,64 బదులు 33,64,0 కొడితే మూలం రోమ్‌లోకి పోయి, తెర నిండా రోమ్ బైట్లు చీమల గుంపులా కనిపిస్తాయి. 1,255,23 బదులు 1,0,0 పడితే సున్నా సార్లు కాదు, 65536 సార్లు తిరుగుతుంది, కోడు తనను తానే తుడిచేసుకుంటుంది. ఈ మూడిటిలో రెండో తప్పును మొత్తం లెక్క పట్టుకోదని గమనించారా? అంకెలు అటూ ఇటూ మారినా కూడిక మారదు. అందుకే కూడిక సరిపోయినా ముందు సేవ్ చేసి, తర్వాతే రన్ చేయండి. ఒక డేటా అంకె తక్కువైతే మాత్రం "అవుట్ ఆఫ్ డేటా" అని బేసిక్కే చెబుతుంది. 255 దాటిన అంకె వేస్తే "ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్".

ఆటల్లో ప్రాణాలు తరగకుండా చేసే పోక్‌లదీ ఇదే సూత్రం. ప్రాణాల లెక్క తగ్గించే సూచన, ఉదాహరణకు 61, ఉన్న అడ్రసులో 0 వేస్తే అది "ఏమీ చేయకు" అయిపోతుంది. 1983 నాటి మానిక్ మైనర్‌కు ప్రసిద్ధమైనది పోక్ 35136,0. వేయడానికి లోడ్ బదులు మెర్జ్ "" కొట్టి, దానంతటదే రన్ అవకుండా లోడర్‌ను (ఆటను మెమరీలోకి తెచ్చే చిన్న బేసిక్ ప్రోగ్రామును) తెచ్చుకోండి. కోడును లోడ్ చేసే ఆజ్ఞ తర్వాత, ర్యాండమైజ్ యుఎస్‌ఆర్‌కు ముందు మీ పోక్ చొప్పించి రన్ చేయండి. లోడర్ కోడును తర్వాత వేరే చోటికి జరిపేదైతే, లేదా మెషిన్ కోడ్‌లోనే లోడ్ చేసుకునేదైతే ఈ పద్ధతి పనిచేయదు.

వేరే యంత్రాల మీద

1984లో క్లాస్ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద మన బళ్ళకు వచ్చిన బీబీసీ మైక్రోలో పీక్, పోక్ లేవు. ప్రశ్నార్థకమే రెండిటి పనీ చేస్తుంది. మోడ్ 7 అని కొట్టి, ?31744=65 అంటే తెర మూలన ఎ పడుతుంది. కమడోర్ 64లో అదే పనికి పోక్ 1024,1, రంగుకు పోక్ 55296,1. అక్కడ ఎ అంటే 65 కాదు, 1.

పీసీ మీద జీడబ్ల్యూ బేసిక్ నేర్చుకున్నవాళ్ళు ముందు డెఫ్ సెగ్=47104 అని, మెమరీలో ఏ భాగమో (సెగ్మెంటు) చెప్పాలి. తర్వాత పోక్ 0,65 అక్షరానికి, పోక్ 1,30 నీలం మీద పసుపుకు. అడ్రసు 160 × వరుస + 2 × గడి. నలుపు తెలుపు మోనిటర్ ఉన్న పాత యంత్రంలో 47104తో ఏమీ కనపడకపోతే 45056 వేయండి, ఆ కార్డు తెర మెమరీ అక్కడుంది. డెఫ్ సెగ్=0 చేసి, పోక్ 1047, పీక్(1047) ఆర్ 64 అంటే క్యాప్స్ లాక్ పడుతుంది. పని అయ్యాక ఉత్త డెఫ్ సెగ్ కొట్టి బేసిక్ సొంత సెగ్మెంటుకు తిరిగి రావాలి. అది మరిచిపోతే తర్వాతి పోక్ సెగ్మెంట్ సున్నాలో, ఇంటరప్టుల పట్టిక (కీబోర్డు, గడియారం లాంటివి పిలిచినప్పుడు ఏ కోడు నడపాలో రాసి ఉండే చోటు) మీద పడే ప్రమాదం ఉంది. అప్పుడిక రీబూటే.